త్రాగునీటి బావి సంరక్షణము: రైతులకు సూచనలు

సేద్యమునకు ఎడ్లు, విత్తనములు ఎంత యవసరమో రైతు దేహబలము నంతే యవసరము. అదను తప్పిన పిమ్మట ఆరోగ్యము కుదిరినను ఆ యేటి పంట తిరిగి రాదు. మలినజలము సేద్యమునకు జేయు నష్టమునకు నారికురుపే నిదర్శనము.

పూర్వము తెలంగాణమునందును, రాయలసీమయందును దిగుడుబావుల నీరు త్రాగు పెక్కు గ్రామములలో ఈ వ్యాధి యుండెడిది. రోగి కురుపుకాలితో నీటిలో దిగగానే పురుగు తన పిల్లలను విడుచును. సైక్లాప్సు అను మిక్కిలి చిన్న నీటిపురుగు వానిని మ్రింగును. ఆ నీటిని వడకట్టక త్రాగినవారి దేహములో నారిపురుగు పెరిగి, సుమారొక సంవత్సరమునకు తరచుగా కాలినుండి వెలువడును. వేసవిలో నీరు తగ్గినపుడు త్రాగిన దాని ఫలము మరుసటియేడు తొలకరి దుక్కులు సమీపించునప్పుడే కనబడును. రైతు వారములకొలది మంచము పట్టును.

దీనికి మందుగాని టీకాగాని లేదు. అయినను దిగుడుబావులను చేదబావులుగా మార్చుట, నీటిని గుడ్డతో వడకట్టుట మొదలగు పనులచేతనే ఇది నశించినది. మన దేశమున కడపటి రోగి 1996లో కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమును ఈ వ్యాధినుండి విముక్తమైనదిగా ప్రకటించినది.

కాని కలరా, టైఫాయిడు, విరేచనములు మలినజలముచే నేటికిని వ్యాపించుచున్నవి. కావున రైతులు ఈ క్రింది విధులను పాటింపవలయును.

1. త్రాగునీటి బావిలోనికి మెట్లుండరాదు. చుట్టును రెండున్నర అడుగుల పిట్టగోడ కట్టి, గిలకయు, బావికే ప్రత్యేకించిన చేదయు నుంచవలయును.

2. బావిచుట్టు మూడడుగుల వెడల్పున గచ్చు చేయించి, ఒలికిన నీరు కాలువద్వారా కూరపాదులకు పోవునట్లు చేయవలయును.

3. ఎరువుగుంట, పశువులకొట్టము, మరుగుదొడ్డి బావికి కనీసము 50 అడుగుల దూరమున నుండవలయును.

4. వెయ్యి లీటర్ల నీటికి సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు చాలును. మూడు మీటర్ల వ్యాసము, నాలుగు మీటర్ల నీరు గల బావికి సుమారు 70 గ్రాములు పట్టును. పొడిని బక్కెట్టులో కలిపి, సున్నము క్రిందికి దిగిన పిమ్మట పైతేటను రాత్రివేళ బావిలో కలుపవలయును. గంటసేపటివరకు నీరు చేదరాదు.

ఊరిలో ఒక్కని బావి చెడిన వ్యాధి పలువురకు సోకును. కోతలకు కూలీలు కావలసిన నాడు వారును మంచముననే యుందురు. కావున బావి బాగుచేయించుట ధర్మకార్యము మాత్రమే గాక సేద్యపు పెట్టుబడియు నగును.