‘డాక్టర్ జెకిల్ – మిస్టర్ హైడ్’ నవలికలో వస్త్వంశాలు: ‘అసమర్థుని జీవయాత్ర’తో తులనాత్మక పునశ్చరణ

వ్యాససంగ్రహం

రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ రచించిన ‘స్ట్రేంజ్ కేస్ ఆఫ్ డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’ (1886) విక్టోరియా యుగపు ఆంగ్ల నవలికలలో ప్రసిద్ధమైనది. మంచికీ చెడుకూ మధ్య సంఘర్షణే ఈ రచనలోని వస్తువని విద్యార్థులు సాధారణంగా సమాధానం రాస్తారు. ఆ సమాధానం అసంపూర్ణమనీ, పరువును కాపాడుకోవాలనే తపనే ఈ నవలికకు కేంద్రమనీ ఈ వ్యాసం నిరూపించడానికి ప్రయత్నిస్తుంది. తెనాలితో గాఢమైన అనుబంధం ఉన్న త్రిపురనేని గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’ను పక్కన ఉంచి చదివితే ఈ అంశం తెలుగు విద్యార్థికి సులభంగా బోధపడుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నవలిక, విక్టోరియా యుగం, స్టీవెన్సన్, గోపీచంద్, ద్వంద్వ వ్యక్తిత్వం, పరువు, వంశప్రతిష్ఠ.

1. ఉపోద్ఘాతం

కాకుమాను వంటి మండలాల నుంచి తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలకు చదువుకోవడానికి వచ్చే విద్యార్థులలో చాలామందికి ఆంగ్ల సాహిత్యం పరీక్ష కోసం చదివే పాఠంగానే పరిచయమవుతుంది. పునశ్చరణ సమయంలో వారి చేతిలో ఉండేది సాధారణంగా మార్గదర్శి పుస్తకమే. అందులో వస్త్వంశాలు ఒక జాబితాగా ఉంటాయి. జాబితాను కంఠస్థం చేసిన విద్యార్థి ‘ద్వంద్వ వ్యక్తిత్వం’ అనే మాటను రాయగలడు గాని, ఆ ద్వంద్వం ఎందుకు ఏర్పడిందని అడిగితే చెప్పలేడు.

ఇక్కడ ఒక పారిభాషిక విషయాన్ని స్పష్టం చేసుకోవాలి. ఇతివృత్తం, వస్తువు అనే మాటలను విద్యార్థులు తరచుగా ఒకే అర్థంలో వాడుతుంటారు. కథలో ఏం జరిగిందో చెప్పేది ఇతివృత్తం. జరిగినదాని ద్వారా రచన దేన్ని గురించి ఆలోచిస్తున్నదో అది వస్తువు. ఒక వైద్యుడు మందు తాగి మరొకడిగా మారడం ఇతివృత్తం. అలా మారవలసిన అవసరం అతనికి ఎందుకు కలిగిందనే ప్రశ్న నుంచి వస్తువు మొదలవుతుంది.

2. కథ – నిర్మాణం

స్టీవెన్సన్ (1850–1894) ఎడిన్‌బరోలో జన్మించాడు. ఈ నవలికను 1885లో బోర్న్‌మత్‌లో ఉండగా రచించాడు. 1886 జనవరిలో లండన్‌లో లాంగ్‌మన్స్ సంస్థ దీనిని ప్రచురించింది. నవలికలో పది అధ్యాయాలు ఉన్నాయి. మొదటి ఎనిమిది అధ్యాయాలు న్యాయవాది అటర్సన్ చూపు వెంట ప్రథమపురుషలో నడుస్తాయి. తొమ్మిదవది డాక్టర్ లాన్యన్ రాసి ఉంచిన కథనం. పదవది జెకిల్ స్వయంగా రాసిన వాఙ్మూలం.

హైడ్ అనే వ్యక్తి వీధిలో ఒక బాలికను తొక్కుకుంటూ వెళ్లిపోయాడని బంధువైన ఎన్‌ఫీల్డ్ ద్వారా అటర్సన్ వింటాడు. పరిహారంగా హైడ్ ఇచ్చిన నూరు పౌండ్లలో పది బంగారు నాణేల రూపంలో, మిగిలినది చెక్కు రూపంలో ఉంటుంది. ఆ చెక్కు మీద సంతకం మాత్రం సంఘంలో పేరున్న పెద్దమనిషిది. జెకిల్ మరణించినా, మూడు నెలలకు మించి కనిపించకపోయినా ఆస్తి అంతా హైడ్‌కు చెందాలనే వీలునామా అప్పటికే అటర్సన్ దగ్గర ఉంది. తరువాత పార్లమెంటు సభ్యుడు సర్ డాన్వర్స్ కేర్యూను హైడ్ చేతికర్రతో కొట్టి చంపుతాడు. చివరకు జెకిల్ గది తలుపులు పగులగొట్టి చూస్తే విషం తాగి పడి ఉన్న హైడ్ శరీరం కనిపిస్తుంది. జెకిల్, హైడ్ ఒక్కరేనన్న సంగతి చివరి రెండు పత్రాల వల్లనే పాఠకుడికి తెలుస్తుంది.

ఈ నిర్మాణం కూడా వస్తువులో భాగమే. తన గురించి తాను చెప్పుకోవలసిన వ్యక్తి మాట్లాడే అవకాశం చిట్టచివర, అదీ తాను లేకుండా పోయిన తరువాత మాత్రమే వస్తుంది. బతికి ఉన్నంతకాలం నిజం చెప్పలేని సమాజాన్ని రచయిత అధ్యాయాల క్రమంలోనే చూపాడు.

3. ప్రధాన వస్త్వంశాలు

3.1 ద్వంద్వం: జెకిల్ మంచికీ, హైడ్ చెడుకూ ప్రతీకలని సూత్రీకరించడం పొరపాటు. మందు తాగినప్పుడు పుట్టిన హైడ్ పూర్తిగా దుష్టుడే. కాని అతను తిరిగి జెకిల్‌గా మారినప్పుడు పూర్తిగా మంచివాడు కాడు, మునుపటిలాగే మంచిచెడుల కలబోతగా మిగులుతాడు. ఈ సంగతిని జెకిల్ తన వాఙ్మూలంలో తానే ఒప్పుకుంటాడు. కనుక నవలికలో ఉన్నవి రెండు సమభాగాలు కావు. ఒక సంపూర్ణ మానవుడు, అతనిలోంచి విడివడిన ఒక అంశ ఉన్నాయి. హైడ్ వయసులోను, ఆకారంలోను జెకిల్ కంటే చిన్నవాడిగా ఉండడానికి కారణం ఇదే. జెకిల్ జీవితంలో ఆ అంశకు ఆనాటి వరకు తక్కువ అవకాశం దొరికింది.

3.2 పరువు – మౌనం: జెకిల్ యౌవనంలోని దోషాలు ఘోరమైనవి కావు. సుఖాల మీద మక్కువ ఉన్నదని, అది నలుగురిలో తల ఎత్తుకుని గంభీరంగా తిరగాలనే కోరికతో పొసగలేదని మాత్రమే అతను చెప్పుకుంటాడు. ఇతరులు చిన్నవిగా భావించే తప్పులనే అతను సిగ్గుతో దాచాడు. దాచడం వల్ల జీవితం రెండుగా చీలింది. మందు ఆ తరువాత వచ్చింది. అంటే చీలికకు మూలం రసాయనంలో లేదు, పరువులో ఉంది.

ఈ అంశం జెకిల్‌కే పరిమితం కాదు. బాలిక ఉదంతాన్ని మళ్లీ ప్రస్తావించకూడదని ఎన్‌ఫీల్డ్, అటర్సన్ ఒప్పందం చేసుకుంటారు. హంతకుడి ఉత్తరంలోని చేతిరాత జెకిల్ రాతను పోలి ఉందని తన గుమాస్తా గుర్తించినా అటర్సన్ బయటపెట్టడు. లాన్యన్ తాను చూసినదాన్ని కవరులో పెట్టి ముద్ర వేసి మరణిస్తాడు. చివరకు తలుపు పగిలిన రాత్రి కూడా మిత్రుడి పేరును ఎలా నిలపాలనే ఆలోచనే అటర్సన్‌కు ముందుగా వస్తుంది. వీరందరూ మంచివారే. వారి మౌనం చాటున హైడ్ ఎదిగాడు.

3.3 రెండు వాకిళ్లు: జెకిల్ ఇంటి ముందుభాగం సంపన్నంగా, గౌరవప్రదంగా ఉంటుంది. వెనుక సందులోకి తెరుచుకునే తలుపు రంగు వెలిసిపోయి, పిలిచేందుకు గంట కూడా లేకుండా ఉంటుంది. రెండూ ఒకే ఇంటివని మొదట ఎవరికీ తెలియదు. వీధివాకిలి, దొడ్డివాకిలి ఉన్న ఇళ్లలో పెరిగిన మన విద్యార్థికి ఈ ప్రతీకను వివరించడం కష్టం కాదు. అతిథి వచ్చేది ఒక వాకిలి నుంచి, ఇంట్లోని అసలు సంగతి బయటకు పోయేది మరో వాకిలి నుంచి.

3.4 విజ్ఞానం – హద్దు: డార్విన్ ‘డిసెంట్ ఆఫ్ మ్యాన్’ 1871లో వెలువడింది. మనిషిలో జంతు వారసత్వం ఉన్నదనే ఆలోచన ఆనాటి చదువరులను కలవరపరిచింది. హైడ్ వర్ణనలో పదేపదే కనిపించే వానర సాదృశ్యాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. జెకిల్ ప్రయోగాన్ని లాన్యన్ అశాస్త్రీయమని నిరాకరించడం మరో పార్శ్వం. మొదట వాడిన లవణంలో ఏదో కల్తీ ఉందని, ఆ తెలియని కల్తీ వల్లనే మందు పనిచేసిందని జెకిల్ చివరకు గ్రహిస్తాడు. తన విజయానికి కారణం తనకే తెలియని శాస్త్రవేత్త అతను.

3.5 అలవాటు – అదుపు: మొదట జెకిల్ కోరుకున్నప్పుడే హైడ్ వచ్చాడు. కొంతకాలానికి నిద్ర లేచేసరికి మంచం మీద ఉన్నది హైడ్ చేయి. ఆ తరువాత మెలకువలోనే, పట్టపగలు, పార్కు బల్ల మీద మార్పు జరుగుతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానగలననే నమ్మకమే అతన్ని వ్యసనంలోకి దించింది.

4. ‘అసమర్థుని జీవయాత్ర’

త్రిపురనేని గోపీచంద్ (1910–1962) కృష్ణా జిల్లా అంగలూరులో జన్మించారు. వారి తండ్రి, హేతువాది, కవి త్రిపురనేని రామస్వామి తెనాలిలో స్థిరపడి, ఆ పట్టణ పురపాలక సంఘానికి అధ్యక్షులుగా కూడా పనిచేశారు. వారి నివాసం ‘సూతాశ్రమం’ పేరుతో ప్రసిద్ధి పొందింది. గోపీచంద్‌కు 1963లో మరణానంతరం కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిపెట్టిన నవల పేరులోనూ వీలునామా ఉండడం గమనార్హం. అది ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’.

1940వ దశకానికి చెందిన ‘అసమర్థుని జీవయాత్ర’ను తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా విమర్శకులు పరిగణిస్తారు. కథానాయకుడు సీతారామారావు కలిగిన కుటుంబంలో పుట్టినవాడు. వంశప్రతిష్ఠను నిలబెట్టాలనే బాధ్యత తండ్రి నుంచి అతనికి సంక్రమించింది. ఆ ప్రతిష్ఠ కోసం దానధర్మాలు చేస్తూ ఆస్తి పోగొట్టుకుంటాడు. ఆస్తి పోయాక ప్రతిష్ఠా నిలవదు, మారిన జీవితంతో సర్దుకుపోవడమూ చేతకాదు. తన ఆలోచనలతో తానే పోరాడుతూ, భార్యాబిడ్డలను బాధిస్తూ, చివరకు శ్మశానంలో తన చేతులతోనే తన జీవితాన్ని ముగించుకుంటాడు.

5. సామ్యభేదాలు

ఇద్దరు నాయకులూ పేరు అనే బరువును మోశారు. జెకిల్ పరువు స్వార్జితం, సీతారామారావు ప్రతిష్ఠ పిత్రార్జితం. జెకిల్ పేరు కాపాడుకోవడానికి తన కోరికలను దాచాడు. సీతారామారావు పేరు కాపాడుకోవడానికి తన ఆస్తిని వెదజల్లాడు. జెకిల్‌కు దొడ్డివాకిలి ఉంది, అంటే మరొక శరీరం, మరొక పేరు, మరొక బస ఉన్నాయి. సీతారామారావుకు అటువంటి మార్గం లేదు. అతనిలోని రెండో మనిషి అతని తలలోనే నివసిస్తూ, అతనితోనే వాదిస్తాడు.

హింస దిశలోనూ భేదం ఉంది. హైడ్ హింస వీధిలోని అపరిచితుల మీద పడింది. సీతారామారావు హింస ముందు ఇంటివారి మీద, తరువాత తన మీద పడింది. స్టీవెన్సన్ నవలికలో కుటుంబ జీవితం దాదాపు కనిపించదు. ముఖ్యపాత్రలన్నీ ఒంటరి పురుషులే. తెలుగు నవలలో ఒకరి పతనానికి మూల్యం చెల్లించేది ఇల్లే. ఫ్రాయిడ్ ‘స్వప్నవిశ్లేషణ’కు పదమూడేళ్ల ముందే వచ్చిన స్టీవెన్సన్ రచన అంతరంగాన్ని బయటి శరీరంగా చూపవలసి వచ్చిందనీ, మనస్తత్వశాస్త్రం పరిచయమైన కాలంలో రాసిన గోపీచంద్ దానిని ఆలోచనాస్రవంతిగా చూపగలిగారనీ చెప్పవచ్చు.

6. పునశ్చరణకు సూచనలు

ఒకటి, ప్రతి వస్త్వంశానికీ కథలోని ఒక సంఘటనను, ఒక వస్తువిశేషాన్ని జతచేసి గుర్తుంచుకోవాలి. పరువుకు చెక్కు, మౌనానికి ముద్ర వేసిన కవరు, ద్వంద్వానికి రెండు తలుపులు, అదుపు తప్పడానికి మంచం మీది చేయి ఇందుకు ఉదాహరణలు. రెండు, వస్త్వంశాలను విడివిడిగా కాక కార్యకారణ క్రమంలో రాయాలి. పరువు వల్ల దాపరికం, దాపరికం వల్ల చీలిక, చీలిక వల్ల హింస అన్నది ఆ క్రమం. మూడు, ఎవరు చెబుతున్నారన్నది విస్మరించకూడదు. జెకిల్ వాఙ్మూలం నిందితుడు తన గురించి తాను రాసుకున్నది. తన తప్పులను హైడ్ ఖాతాలో వేసే ప్రయత్నం అందులో ఉంది. హైడ్‌ను ‘నేను’ అనడానికి అతను తటపటాయించడాన్ని విద్యార్థి పట్టుకోగలిగితే, నవలికలోని కీలకమైన అంశాన్ని పట్టుకున్నట్టే.

7. ముగింపు

ఈ నవలికను మంచిచెడుల నీతికథగా బోధిస్తే, చెడు అనేది వేరెవరో హైడ్‌కు సంబంధించిన విషయంగా విద్యార్థి భావించి ఊరుకుంటాడు. పరువు కథగా బోధిస్తే అతను తన ఇంటివైపు చూస్తాడు. అప్పు చేసి ఘనంగా జరిపించే పెళ్లి, నలుగురికీ తెలియకూడదని వైద్యం చేయించని మనోవ్యాధి, ఊరికి చెప్పుకోలేని పరీక్షాఫలితం అతనికి తెలిసినవే. వాటి వెనుక ఉన్నది లండన్ వైద్యుణ్ణి చీల్చిన శక్తే. గోపీచంద్ దానిని మన భాషలో, మన కుటుంబంలో చూపారు. ఆంగ్ల, తెలుగు శాఖల అధ్యాపకులు ఈ రెండు రచనలను ఒకే వారంలో, వీలైతే ఒకే తరగతిలో బోధించగలిగితే, పునశ్చరణ జాబితాగా మిగలక ఆలోచనగా మారుతుంది.