గేరు రాడ్ కురచ చేసే ముందు

గేర్‌బాక్స్ బాగున్న కారులో రెండు నుంచి మూడుకు మారుస్తుంటే చేతికి చిన్న ‘టక్’ తెలుస్తుంది. ఆ టక్ కోసమే మాన్యువల్ కారును వదలనివాళ్లున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. బండి పాతబడేకొద్దీ అది పోయి, అంబలిలో గరిటె తిప్పినట్టు రాడ్ అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడే మనసు ‘షార్ట్ షిఫ్టర్’ మీదికి పోతుంది. కంపెనీ ఇచ్చిన రాడ్ తీసేసి, కొద్దిగా కదిపితే చాలు గేరు పడే రాడ్ బిగించుకోవడమే ఆ పని. లోపల ఏం జరుగుతుందో ముందు తెలుసుకుంటే చాలామందికి ఆ ఖర్చే తప్పుతుందని నా నమ్మకం.

గడ్డపారతో బండరాయి లేపడం చూసే ఉంటారు. పార కింద పెట్టే దాపురాయి బండకు దగ్గరగా ఉంటే తేలిగ్గా లేస్తుంది, కానీ చేతిని చాలా దూరం దించాలి. దాపురాయిని మన వైపు జరిపితే చెయ్యి తక్కువ కదులుతుంది, బరువు మాత్రం ఎక్కువ తగులుతుంది. గేరు రాడ్ కూడా గడ్డపారే. ఉదాహరణకు, ఇరుసుకు పైన 300 మిల్లీమీటర్లు, కింద 50 ఉందనుకోండి. కింది కొస 10 మిల్లీమీటర్లు జరగాలంటే పైన చెయ్యి 60 జరగాలి. కింది భాగాన్ని 70 చేస్తే చెయ్యి దాదాపు 43 జరిగితే చాలు. కానీ నెట్టే బలం 1.4 రెట్లు కావాలి. దూరంలో మిగిలింది బలంలో పోతుంది. ఏ కంపెనీ రాడ్ కొన్నా ఈ లెక్క తప్పదు.

షార్ట్ షిఫ్టర్ వేస్తే గేర్‌బాక్స్ వేగంగా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. లోపల ఒక్కో గేరు ఒక్కో వేగంతో తిరుగుతుంటుంది. మనం గేరు వేసినప్పుడు ముందుగా ఒక రింగు, చాలా కార్లలో ఇత్తడిది, ఆ గేరు మీది కోనుకు రాసుకుని రెండు వేగాలనూ ఒకటి చేస్తుంది. ఆ తర్వాతే పళ్లు కలుస్తాయి. సింక్రోమెష్ అనే ఈ ఏర్పాటును 1928లో కాడిలాక్ కార్లలో మొదట తెచ్చారు. అంతకుముందు డ్రైవర్లు క్లచ్ రెండుసార్లు తొక్కి, ఇంజను వేగాన్ని చెవితో కొలిచి గేరు మార్చేవారు. రింగుకు తన పని చెయ్యడానికి కొంత వ్యవధి కావాలి. పొట్టి రాడ్ ఆ వ్యవధిని తగ్గించలేదు. చేత్తో బలంగా గుంజితే రింగే అరిగిపోతుంది. గేరు ఇప్పటికే గరగరమంటుంటే పొట్టి రాడ్ ఆ రోగాన్ని పెంచుతుంది.

మరి ఆ ఊగులాట ఎక్కడిది? 1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5నే తీసుకుందాం. వెనక చక్రాలతో నడిచే కారు కాబట్టి రాడ్ నేరుగా గేర్‌బాక్స్ నెత్తిమీదే కూర్చుంటుంది. కింది కొసకు చిన్న ప్లాస్టిక్ బుష్, పైన రబ్బరు తొడుగు ఉంటాయి. బుష్ అరిగితే రాడ్ వదులవుతుంది. తొడుగు చిరిగితే వేడీ చప్పుడూ కారులోకి వస్తాయి. ఈ రెండూ మార్చి, రాడ్ కూర్చునే గుంటలో కొత్త ఆయిల్ పోస్తే, కురచ చేయకుండానే పాత టక్ తిరిగొస్తుంది. ముందు చక్రాలతో నడిచే కార్లలో ఎక్కువగా కేబుళ్లో రాడ్లో మధ్యలో ఉంటాయి. వాటి కొసల్లోని రబ్బరు బుష్‌లే మొదటి అనుమానితులు. ఇంజను మౌంటులు కుంగినా రాడ్ ఊగుతుంది. అందుకే నన్నడిగితే ముందు గేర్ ఆయిల్ మార్చండి, క్లచ్ పూర్తిగా విడిపోతోందో లేదో చూడండి, తర్వాత బుష్‌లు. షార్ట్ షిఫ్టర్ అన్నిటికంటే చివర.

గేరు నాబ్ సంగతి వేరు. బరువైన నాబ్ తన ఊపుతోనే గేరును లోపలికి తీసుకుపోతుంది, చేతికి మెత్తగా ఉంటుంది. కొనేముందు మర కొలత చూసుకోవాలి. మాజ్డాలకు సాధారణంగా ఎం10, 1.25; హోండాలకు ఎం10, 1.5. ఒకదానిది మరొకదానికి బలవంతంగా తిప్పితే మర పాడవుతుంది. మే నెలలో విజయవాడ ఎండలో నిలిపిన కారులో ఉక్కు నాబ్ పట్టుకుంటే అరచెయ్యి చురుక్కుమంటుంది. మన ఊళ్లకు తోలు తొడుగున్నదే మేలు.

ఇవన్నీ చూశాక కూడా షార్ట్ షిఫ్టరే కావాలనుకుంటే, దాన్ని బిగించడానికి చదునైన చోటు చూసుకోండి. పని మధ్యలో కారును గేరులో ఉంచలేం కాబట్టి హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. బిగించాక ఇంజను ఆపి ఉంచి రివర్స్‌తో సహా అన్ని గేర్లూ వేసి చూడండి. ఏ గేరులోనైనా రాడ్ కన్సోల్‌కు తగులుతుంటే గేరు పూర్తిగా పడదు, నడుస్తుండగా జారిపోతుంది.

ఇక కొత్త రాడ్‌తో మొదటి రోజుల్లో అసలు ప్రమాదం ఐదు నుంచి నాలుగుకు దిగేటప్పుడు. దూరాలు మారాయి, చేతికింకా పాత అలవాటే. తొందరలో ఎడమకు గుంజితే నాలుగుకు బదులు రెండు పడుతుంది. అదే ఎంఎక్స్-5లో ఐదో గేరులో 4,000 చుట్ల మీద పోతూ రెండు వేస్తే ఇంజను దాదాపు 9,300కు ఎగురుతుంది. ఎర్రగీత 7,000 దగ్గరే మొదలవుతుంది. క్లచ్ వదిలిన క్షణంలో ఇంజను దెబ్బతినవచ్చు. అందుకని ఐదులోంచి న్యూట్రల్‌కు లాగి పట్టు వదలండి. లోపలి స్ప్రింగ్ రాడ్‌ను తనే మూడు, నాలుగు గేర్ల వరుసలోకి తెస్తుంది. అప్పుడు అరచెయ్యి తెరిచి, పక్కకు నెట్టకుండా, తిన్నగా వెనక్కి లాగండి.