ఇంట్లో కట్టే కారుకి బాడీ ప్యానెళ్ళు: చిల్లు ఎప్పుడు వేయాలి?

పోయిన ఎపిసోడ్‌లో చాసిస్ వెల్డింగ్ అయిపోయింది, వచ్చేవారం రేకులు తొడిగేద్దాం అని చాలా ధీమాగా చెప్పాను. ఆ వచ్చేవారం రావడానికి ఏడు వారాలు పట్టింది. ఎందుకంటే తొడిగిన రేకులు మళ్ళీ విప్పాల్సి వచ్చింది. 96 రివిట్లు కొట్టాను, ఆ 96నీ డ్రిల్ పెట్టి పీకాను. ఎక్కడ తప్పు జరిగింది, అసలు ప్యానెళ్ళు ఏ వరసలో బిగించాలి అనేది ఈ రోజు మాట్లాడుకుందాం.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి రెండు ముక్కలు. నేను కడుతున్నది లోటస్ సెవెన్ తరహా కారు. 1957లో ఇంగ్లండులో లోటస్ కంపెనీ దాన్ని విడిభాగాల కిట్‌గా కూడా అమ్మింది. పూర్తి కారు కొంటే పర్చేజ్ ట్యాక్స్ పడేది, కిట్ కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను తప్పేది. 1973లో ఆ డిజైన్ హక్కులు కేటర్‌హామ్ వాళ్ళకి వెళ్ళాయి, వాళ్ళు ఇప్పటికీ చేస్తున్నారు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన, అదే పద్ధతి కారుని పాత కారు సామాన్లతో తక్కువ ఖర్చులో ఎలా కట్టాలో ఒక పుస్తకం రాశాడు. ప్రపంచంలో ఇళ్ళలో కట్టే సెవెన్‌లు చాలావాటికి అదే మూలం. చతురస్రపు ఇనప గొట్టాల ఫ్రేము, పక్కలకి అల్యూమినియం రేకు, ముందు ముక్కుకి, మడ్‌గార్డులకి ఫైబర్. నాకు ఇంజను, గేర్‌బాక్సు, వెనక యాక్సిల్ ఒక పాత మారుతి ఆమ్ని ఇచ్చింది. వెనక చక్రాలు తిరిగే బండి కాబట్టి దీనికి సరిపోతుంది.

మన దగ్గర ఇలాంటివి ఎవరు కడతారండి అంటారు గానీ, ఒక రకంగా మనకిది కొత్తేం కాదు. ఎన్‌హెచ్ 16 మీద ఎప్పుడైనా చూసే ఉంటారు. కేబిన్ లేని లారీ చాసిస్, మీద ఒక్క డ్రైవరు, తలకి తువ్వాలు, కళ్ళకి అద్దాలు, ఎండకీ దుమ్ముకీ ఎదురెళ్తూ ఉంటాడు. ఆ చాసిస్ వెళ్ళేది బాడీ కట్టే షెడ్డుకి. బెజవాడ ఆటోనగర్‌లో అలాంటి షెడ్లలో మేస్త్రీలు తరాలుగా చేస్తున్న పని ఇదే. ఫ్యాక్టరీ ఇచ్చిన అస్థిపంజరానికి ఒళ్ళు తొడగడం. నేను యూట్యూబ్‌లో వంద వీడియోలు చూశాక గానీ వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. ముందే వెళ్ళుంటే ఈ ఏడు వారాలు మిగిలేవి.

ఇక తప్పు సంగతి. నేను కడుతున్నది మా ఊళ్ళో, చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య, మా నాన్న మిర్చి టిక్కీలు వేసుకునే రేకుల షెడ్డులో. ఫిబ్రవరికల్లా ఖాళీ చేసి ఇస్తానని మాట ఇచ్చి తీసుకున్నాను. హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చినవాణ్ణి, ఇంట్లో నా మాటకి అప్పటికే విలువ కొంచెం తగ్గి ఉంది. అందుకే తొందర. నాలుగు స్టాండ్ల మీద ఖాళీ ఫ్రేము పెట్టి, నున్నటి సిమెంటు గచ్చు కదా అని నమ్మి, పక్క రేకులు, అడుగు రేకు రెండు రోజుల్లో రివిట్ కొట్టేశాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. మూడో రోజు బానెట్ పెట్టాను. ఒక మూల నొక్కితే ఎదురు మూల లేస్తోంది, కుంటి బల్ల లాగా. కొలిస్తే 6 మిల్లీమీటర్లు.

బానెట్ వంకర అనుకున్నాను. చెక్క సుత్తి తీసుకుని దాన్ని సరిచేయబోయాను కూడా. నాన్న వచ్చి చూసి, తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం తెచ్చి స్టాండ్లకి పట్టాడు. వెనక కుడి స్టాండు 9 మిల్లీమీటర్లు కిందకి ఉంది. "వాన నీళ్ళు బయటికి పోవాలని షెడ్డుకి వాటం పెట్టించాను కదరా, తెలీదా?" అన్నాడు. నాకు నిజంగా తెలీదు. ఇరవై ఏళ్ళుగా ఆ గచ్చు మీద నడుస్తున్నాను.

9 మిల్లీమీటర్లకి ఇంత గొడవ ఎందుకో చెప్తాను. ఇంట్లో ఖాళీ చెప్పుల డబ్బా ఉంటే తీసుకోండి. మూత లేకుండా రెండు చేతులతో మెలిపెడితే సులువుగా మెలి తిరుగుతుంది. మూత పెట్టి చుట్టూ టేపు వేస్తే తిరగదు. ఇప్పుడు డబ్బాని మెలిపెట్టి పట్టుకుని, ఆ స్థితిలోనే మూతకి టేపు వేయండి. చేతులు వదిలేసినా ఆ మెలి అలాగే ఉండిపోతుంది. సెవెన్ తరహా ఫ్రేములో పక్క రేకులు, అడుగు రేకు అలంకారం కాదు, అవే మూత. ఫ్రేము గట్టిదనంలో వాటికీ వాటా ఉంది. రేకు లేనప్పుడు ఫ్రేము గచ్చు వాటాన్ని బట్టి కొంచెం వంగి కూర్చుంది. నేను ఆ వంకరకే రేకు కొట్టి దాన్ని శాశ్వతం చేశాను. అంటే బానెట్ తప్పు లేదు, కారే వంకర.

కాబట్టి మొదటి పని గచ్చుని నమ్మకపోవడం. నాలుగు మూలల్లో నీళ్ళ గొట్టంతో మట్టం చూడండి. చిన్న రసమట్టం సరిపోదు, మూడు మీటర్ల దూరంలో అది చెప్పే తేడా మన కంటికి ఆనదు. తర్వాత పురికొస తీసుకుని ఫ్రేము మీద మూల నుంచి మూలకి రెండు ఐమూలలు కొలవండి. రెండూ సమానంగా రావాలి. సన్న రేకుబిళ్ళలు స్టాండ్ల కింద పెడుతూ సరిచేయండి. నాకు ఈ పనికి పట్టింది 40 నిమిషాలు. చేయకపోయినందుకు పట్టింది ఏడు వారాలు.

రెండో సంగతి ఆటోనగర్‌లో నేర్చుకున్నది. అక్కడ ఒక పెద్ద మేస్త్రి గారు లారీ బాడీ కడుతూ చూపించారు. బాడీని చాసిస్‌కి నేరుగా బోల్టు వేసి బిగించరు. మధ్యలో చెక్కో రబ్బరో పెట్టి, యూ బోల్టులతో పట్టిస్తారు. లోడుతో గతుకుల్లో వెళ్తే చాసిస్ మెలి తిరుగుతుంది, దాన్ని అంటుకుని బిగిస్తే బాడీ పగులుతుంది. "అన్నీ నిలబెట్టి చూసుకున్నాకే చిల్లు వెయ్యి బాబూ, చిల్లు పడ్డాక రేకు నీ మాట వినదు" అన్నారాయన. నా కారుకి ఈ మాట రెండు రకాలుగా పనికొచ్చింది. అల్యూమినియం పక్కలు ఫ్రేముతో ఒకటైపోవాలి, అందుకే రివిట్లు, జిగురు. ఫైబర్ ముక్కు, మడ్‌గార్డులు ఒకటి కాకూడదు, అవి తేలుతూ ఉండాలి. ఏది కలిసిపోవాలి, ఏది తేలాలి అనేది ముందే రాసుకోండి.

ముందు అల్యూమినియం. నేను వాడింది 1.2 మిల్లీమీటర్ల రేకు. మొదట అట్టముక్కతో మోడల్ కోసి ఫ్రేముకి పట్టి చూసి, తర్వాతే రేకు మీద గీసుకోవాలి. రేకు కత్తెరతో కోస్తే అంచు అలలు అలలుగా వస్తుంది, 2 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి ఆకురాయితో దించుకోండి. చిల్లులు మొదట 3 మిల్లీమీటర్లవే వేయాలి, అదీ మధ్యలోంచి మొదలుపెట్టి ఒకటి అటు, ఒకటి ఇటు. ఒక చివర నుంచి వరసగా వెళ్తే మిగిలిన వదులంతా అవతలి చివరికి చేరి అక్కడ ఉబ్బుతుంది. విమానాల పనిలో క్లీకో అని తాత్కాలిక పిన్నులు వాడతారు. ఖరీదు ఎక్కువ. నేను సన్న స్క్రూలు, నట్లతో సరిపెట్టాను. బానెట్, ముక్కు, డ్యాష్‌బోర్డు పైన ఉండే స్కటిల్, అన్నీ ఈ స్క్రూల మీదే నిలబెట్టి చూసుకున్నాకే చిల్లులు పెద్దవి చేసి రివిట్లు.

రేకుకీ ఇనుముకీ మధ్య సీలెంట్ తప్పనిసరి. ఇనుము, అల్యూమినియం నేరుగా తగిలి మధ్యలో తడి చేరితే అల్యూమినియం తినేస్తుంది, తెల్లగా పొడి రాలుతుంది. చీరాల, బాపట్ల వైపు ఉప్పుగాలిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఫ్రేముకి ముందు ప్రైమర్, పెయింటు, దాని మీద పాలీయురెథేన్ సీలెంట్, ఆపైన రేకు.

ఇప్పుడు ఎండ. ఇంగ్లండు వాళ్ళ వీడియోల్లో ఈ గోల పెద్దగా వినపడదు. మనకి పక్కనే రెంటచింతల ఉంది, మే నెలలో అక్కడి ఎండ పేపర్లో పడకుండా ఉండదు. అల్యూమినియం మీటరుకి, ఒక డిగ్రీకి దాదాపు 23 మైక్రాన్లు సాగుతుంది. ఇనుము సాగేది 12. నా పక్క రేకు పొడవు 1.8 మీటర్లు. డిసెంబరు పొద్దున చలిలో కొట్టిన రేకు, మే నెల ఎండలో 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకోండి, ఫ్రేము కంటే 0.8 మిల్లీమీటరు ఎక్కువ సాగుతుంది. రెండు చివరలూ రివిట్లతో కట్టేసి ఉంటే అది ఎక్కడికి పోతుంది? మధ్యలో ఉబ్బుతుంది, నూనె డబ్బా మూతలా టక్కు టక్కుమంటుంది. అందుకని రెండోసారి మధ్యాహ్నం దాకా ఆగి, రేకుని ఎండలో పెట్టి, వేడిగా ఉండగానే తెచ్చి కొట్టాను. చల్లారాక డప్పు తోలులా బిగిసింది. చేతులు కాలకుండా గ్లవుజులు వేసుకోండి. నేను మొదటి రేకుకి వేసుకోలేదు.

ఫైబర్ దగ్గరికి వస్తే, ముక్కు కోసం కారు షాపులు తిరిగి దండగ. నిజాంపట్నం, వాడరేవు వైపు చేపల పడవలు చాలా ఇప్పుడు ఫైబర్‌వే. పడవలు రిపేరు చేసే ఒకాయన నా అచ్చు మీద పోసి ఇచ్చాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, వారం రోజులు అచ్చులోంచి తీయొద్దు. గట్టిపడినట్టు కనపడినా రెజిన్ లోపల ఇంకా కుదించుకుంటూనే ఉంటుంది. తొందరపడి తీస్తే అంచులు ముడుచుకుంటాయి. ఎండాకాలం హార్డెనర్ తగ్గించాలని కూడా ఆయనే చెప్పాడు, లేకపోతే బ్రష్షు పెట్టేలోపే డబ్బాలో గడ్డకడుతుంది.

ఫైబర్ ప్యానెల్‌ని బోల్టుతో లాగి సందు మూయొద్దు. ఆ రోజుకి మూసుకుంటుంది, నెల తర్వాత బోల్టు చుట్టూ సాలెగూడులా పగుళ్ళు వస్తాయి. ఎక్కడ సందుందో అక్కడ లారీ ట్యూబు ముక్క మడతపెట్టి పెట్టండి. 6 మిల్లీమీటర్ల బోల్టుకి 8 మిల్లీమీటర్ల చిల్లు వేసి, వెనక వెడల్పాటి వాషరు వేస్తే ప్యానెల్ జరగడానికి చోటుంటుంది. కోసేటప్పుడు మాస్కు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా. నాన్న నా చేతులు చూసి మిర్చి కోతకి వచ్చినోళ్ళకి కూడా ఇంత దురద ఉండదురా అన్నాడు. మిర్చి మంట కడిగితే పోతుంది, గాజు పీచు కడిగితే పోదు.

వరస ఇలా పెట్టుకోండి: ఇంజను, రేడియేటరు లోపల పెట్టి, బండి చక్రాల మీద నిలబడ్డాక ముందు స్కటిల్ బిగించాలి, అది కదలదు. తర్వాత ముక్కుని దానికి ఎదురుగా, మధ్య గీత మీద నిలబెట్టాలి. బానెట్ ఈ రెంటి మధ్యా వంతెన, కాబట్టి దాన్ని చివర్న కోయాలి. సందు 5 మిల్లీమీటర్లు పెట్టుకున్నాను, 5 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కే నా గేజి. సందు చిన్నదా పెద్దదా అన్నది కన్ను పట్టించుకోదు, ఒకచోట 4, ఒకచోట 7 ఉంటే మాత్రం వెంటనే పట్టేస్తుంది. రాత్రిపూట ట్యూబ్‌లైటు పక్కనుంచి పడేలా పెట్టి చూస్తే పగలు కనపడని అలలు కూడా కనపడతాయి. మడ్‌గార్డులకి మాత్రం స్ప్రింగు తీసేసి, చక్రం పూర్తిగా పైకి లేపి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడకుండా చిల్లు వేయొద్దు.

ఇంత చెప్పాక ఒక మాట దాచకూడదు. ఈ కారుకి నంబరు ప్లేటు రాదు. మన దేశంలో బండి మోడల్ రోడ్డు మీదకి రావాలంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధన 126 కింద ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ దగ్గర ప్రోటోటైప్ పరీక్ష పాసవ్వాలి. అది కంపెనీల స్థాయి ఖర్చు. ఉన్న బండినే మార్చి కడదామంటే 1988 చట్టంలో సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన ఒక్క బండికి కూడా ఐవీఏ అనే పరీక్ష ఉంది. మనిషికి తగిలే చోట బయటి అంచులు కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రం ఉండాలని కూడా అందులో చూస్తారు. నా కారు సొంత స్థలంలో, లేదంటే ట్రాక్ వాళ్ళు ఒప్పుకుంటే ట్రాక్ మీద. అంతే. దీన్ని చూసి ఎవరైనా రోడ్డు కోసం కడదామనుకుంటే డబ్బు పెట్టకముందే ఆగండి.

"రోడ్డెక్కని బండికి ఇంత సందు చూసుకోవడం ఎందుకురా?" అని నాన్న అడిగాడు. గాలికి బానెట్ ఊడి మొహానికి తగిలితే అది రోడ్డా పొలమా అని చూడదు నాన్నా అన్నాను. ఆ 2.5 మిల్లీమీటర్ల లెక్క నేనూ పెట్టుకున్నాను. ప్రతి అంచూ ఆకురాయితో గుండ్రం చేశాక, చివర్న నాన్నే చెయ్యి పెట్టి మొత్తం ఒకసారి తడిమి చూశాడు. ముక్కు కింద ఒకచోట ఆగి, ఇక్కడ ఇంకా కోస్తోంది అన్నాడు. నిజమే, కోస్తోంది.

రెండోసారి రివిట్లు కొట్టేటప్పుడు పాత చిల్లులు పెద్దవయ్యాయి కాబట్టి 4 మిల్లీమీటర్ల బదులు 4.8వి వాడాను. బానెట్ ఇప్పుడు ఏ మూల నొక్కినా లేవట్లేదు. ఫిబ్రవరి మాట మాత్రం తప్పాను. మొదటి కోత టిక్కీలు వచ్చేశాయి, అందుకే ఈ వీడియోలో కారు షెడ్డు బయట వేపచెట్టు కింద పట్టా కప్పుకుని కనపడుతోంది. అక్కడ నేల ఇంకా అధ్వాన్నం, అందుకే చక్రాల కింద ముందు నీళ్ళ గొట్టం పట్టాను. వచ్చే ఎపిసోడ్‌లో విండ్‌స్క్రీన్ ఫ్రేము.