కంపైలర్ ముందే తేల్చే లెక్క

ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా భూమి లెక్క ఇదే. దీన్ని పైథాన్‌లో రాసేవాళ్లు 40 * 121 అని విడగొట్టి రాయడమే మంచిది. ఊరికే 4840 అని పడేస్తే, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో రేపు చదివేవాళ్లకు తెలియదు. మరి లక్ష సర్వే నంబర్లుంటే లక్షసార్లు అదే గుణకారం చేయాలా? అక్కర్లేదు. ప్రోగ్రామ్ నడవకముందే కంపైలర్ ఆ లెక్క తేల్చేసి, జవాబును మాత్రమే ఉంచుతుంది. ఈ పద్ధతి పేరు కాన్‌స్టంట్ ఫోల్డింగ్, అంటే స్థిరాంకాలను మడవడం.

పైథాన్‌తోపాటే వచ్చే డిస్ మాడ్యూల్‌తో దీన్ని కళ్లారా చూడొచ్చు. మనం రాసిన కోడ్‌ను పైథాన్ ముందు బైట్‌కోడ్‌గా, అంటే తన వర్చువల్ మెషీన్ నడపగల చిన్న చిన్న ఆదేశాలుగా మారుస్తుంది. మామూలుగానైతే ఇక్కడ మూడు ఆదేశాలుండాలి: 40ని స్టాక్ మీద పెట్టు, 121ని పెట్టు, రెండింటినీ తీసి గుణించు. డిస్ తెరిచి చూస్తే కనిపించేది ఒక్కటే: 4840ని పెట్టు.

ఈ ఆలోచన పైథాన్ కంటే చాలా పాతది. 1957లో ఐబీఎం 704 యంత్రం కోసం జాన్ బ్యాకస్ బృందం ఫోర్‌ట్రాన్ కంపైలర్ తెచ్చినప్పుడు, మనిషి చేత్తో రాసిన కోడ్‌తో యంత్రం రాసిన కోడ్ పోటీపడగలదా అన్నదే ప్రశ్న. కోడ్‌ను మెరుగుపరిచే ఆ విద్యకు ఐబీఎంలోనే ఫ్రాన్సెస్ అలెన్ శాస్త్రరూపం ఇచ్చారు. 2006లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న తొలి మహిళ ఆమె. 1973లో గ్యారీ కిల్‌డాల్ మరో అడుగు వేశారు. ఒక చోట తేలిన స్థిరాంకం ప్రోగ్రామ్‌లో ఎంత దూరం వరకు స్థిరంగా ఉంటుందో పట్టుకునే గణిత పద్ధతిని చూపారు. రెండు దారులు కలిసే చోట రెండింటి నుంచీ ఒకే విలువ వస్తేనే దాన్ని స్థిరాంకంగా నమ్మాలి. తేడా వస్తే వదిలేయాలి.

పైథాన్‌లో ఈ పనికి చోటు మారుతూ వచ్చింది. 2006లో వచ్చిన 2.5 వెర్షన్‌లో రేమండ్ హెటింజర్ దీన్ని బైట్‌కోడ్‌ను సరిదిద్దే పీప్‌హోల్ ఆప్టిమైజర్‌లో చేర్చారు. 2018లో 3.7తో అది ఇంకా ముందు దశకు, కోడ్ నిర్మాణాన్ని పట్టి చూపే సింటాక్స్ ట్రీకి మారింది. 3.14లో మళ్లీ బైట్‌కోడ్ వైపే వచ్చింది.

ఈ పద్ధతిలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది దాని నిగ్రహం. సున్నాతో భాగించమని రాస్తే కంపైలర్ ఆ లెక్క జోలికి పోదు. ఆ తప్పు ప్రోగ్రామ్ నడిచేటప్పుడు, రావలసిన చోటే రావాలి. ఒక అక్షరాన్ని పది లక్షలతో గుణిస్తే దాన్నీ ముందుగా చేయదు. చేస్తే కంపైలైన ఫైలు ఉబ్బిపోతుంది.

ఎకరాలు * 40 * 121 అని రాసి చూడండి. ఈసారి 4840 కనిపించదు. గుణకారం ఎడమ నుంచి నడుస్తుంది కాబట్టి ఎకరాలు * 40 ముందు జరగాలి. 2 ఎకరాల 14 గుంటలంటే 2.35 ఎకరాలు. ఆ దశాంశాన్ని కంప్యూటర్ బైనరీలో పూర్తి కచ్చితత్వంతో దాచలేదు, ప్రతి గుణకారం దగ్గరా కొద్దిగా సవరిస్తుంది. వరుస మారిస్తే చివరి అంకె మారే ప్రమాదం ఉంది. అందుకే కంపైలర్ ఆ చొరవ తీసుకోదు. 40 * 121 చుట్టూ బ్రాకెట్లు పెడితే మాత్రం వెంటనే 4840గా మడిచేస్తుంది. వరుస మార్చే అధికారం ప్రోగ్రామర్‌దే.

పెద్ద కంపైలర్లలో ఇలాంటి మెరుగులు పదుల సంఖ్యలో ఉంటాయి. ఒక లెక్క మడిస్తే ఒక షరతు తేలిపోతుంది. షరతు తేలితే ఎప్పటికీ నడవని కోడ్ బయటపడుతుంది. దాన్ని తీసేస్తే మడవడానికి మరో లెక్క దొరుకుతుంది. కాబట్టి ఏ మెరుగు తర్వాత ఏది అన్నది పెద్ద చిక్కుముడి. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో రామకృష్ణ ఉపద్రష్ట బృందం పనిచేస్తున్నది ఈ రంగంలోనే. 2020లో ప్రచురించిన ఐఆర్‌టూవెక్, ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్ మధ్యస్థ కోడ్‌ను సంఖ్యల వరుసలుగా మార్చి, మెషీన్ లెర్నింగ్‌కు అందేలా చేస్తుంది. 2022 నాటి పోసెట్-ఆర్‌ఎల్ ఆ మెరుగుల వరుసను యంత్రమే నేర్చుకునే ప్రయత్నం.

పైథాన్, ఎల్‌ఎల్‌వీఎం రెండింటి సోర్సూ అందరికీ తెరిచే ఉంది. పదో తరగతి కాగానే బాసర ట్రిపుల్ ఐటీలో చేరిన పిల్లలైనా, జగిత్యాల దగ్గరి నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీ విద్యార్థులైనా దాన్ని చదవవచ్చు, సరిదిద్దవచ్చు. చదివేటప్పుడు వేగం ఎంత పెరిగిందని ఒక్కటే చూడకండి. ఏ లెక్కను ఎందుకు ముట్టుకోలేదో కూడా చూడండి. కోడ్ అర్థం మారనివ్వకపోవడమే కంపైలర్ మొదటి బాధ్యత. వేగం దాని తర్వాతే.