పెళ్ళి వీడియో ఆగి ఆగి వస్తోందా?

మూడేళ్ళ కిందటి మీ ఆడపడుచు పెళ్ళి వీడియో చూద్దామని ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. అబ్బాయి కొనుక్కొచ్చిన అరచేతంత కంప్యూటరుకి పెన్‌డ్రైవ్ తగిలించాడు. కన్యాదానం ఘట్టం వచ్చింది. మామయ్యగారు పోయి ఏడాదైంది కదా, అత్తయ్యగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. సరిగ్గా అక్కడే బొమ్మ ఆగి ఆగి రావడం మొదలెట్టింది. మాట ముందు, పెదవులు వెనక! "టీవీ పోయిందేమో, కొత్తది కొందాం" అని ఒకరు, "ఈ చవక డబ్బా అవతల పారెయ్యండి" అని ఇంకొకరు.

కంగారు పడకండి. చాలాసార్లు ఆ రెండూ అక్కర్లేదు. తప్పెక్కడుందో తెలుసుకుంటే మీరే సరిచేసుకోవచ్చు.

ఏమిటీ చిన్న డబ్బా?

దీని పేరు రాస్ప్‌బెర్రీ పై. పిల్లలకు ప్రోగ్రామింగు నేర్పాలని ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో తయారుచేశారు. 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చినప్పుడు ధర 35 డాలర్లు. ఒకే బోర్డు మీద కంప్యూటరంతా ఉంటుంది. టీవీకి తగిలిస్తే సినిమాలు కూడా చూపిస్తుందని తెలిశాక ఇళ్ళలోకి వచ్చేసింది.

చేత్తో రుబ్బడం, గ్రైండరులో రుబ్బడం

వీడియోను పెన్‌డ్రైవ్‌లో పట్టేలా అణిచి, కుదించి ఉంచుతారు. చూసేటప్పుడు దాన్ని మళ్ళీ విప్పాలి. ఆ పనికి ఈ బోర్డులో విడిగా ఒక భాగం ఉంటుంది. మన వంటింటి గ్రైండరు లాంటిదనుకోండి. పప్పు అందులో పడితే సునాయాసంగా నలుగుతుంది. ఆ గ్రైండరుకి సరిపడని వీడియో వచ్చిందా, ప్రాసెసరు రోట్లో వేసి చేత్తో రుబ్బాల్సిందే. చెయ్యి నొప్పెడుతుంది, ఒళ్ళు వేడెక్కుతుంది, బొమ్మ ఆగుతుంది. అదీ సంగతి!

కుదించే పద్ధతుల్లో మనకు తరచు తగిలేవి రెండు. ఒకటి హెచ్.264, రెండోది దాని తర్వాత వచ్చిన హెచ్.ఇ.వి.సి. ఈ రోజుల్లో చాలా ఫోన్లు రెండో పద్ధతిలోనూ తీస్తాయి. ఇక ఏ బోర్డులో ఏ గ్రైండరుందో చూడండి.

* పై 3 (2016): హెచ్.264లో 1080పి వరకు హాయిగా ఆడుతుంది. హెచ్.ఇ.వి.సి.కి పూర్తి గ్రైండరు లేదు.

* పై 4 (2019): హెచ్.ఇ.వి.సి. అయితే 4కె కూడా నడుస్తుంది. హెచ్.264 మాత్రం 1080పి వరకే.

* పై 5 (2023): హెచ్.ఇ.వి.సి.కి గ్రైండరు ఉంది. హెచ్.264 గ్రైండరును తీసేశారు. అయినా ప్రాసెసరు బలమైనది కాబట్టి 1080పి చేత్తోనే రుబ్బేస్తుంది.

చూశారా! పై 4 మీద 4కె హెచ్.ఇ.వి.సి. నడుస్తుంది, అదే 4కె హెచ్.264లో ఉంటే తడబడుతుంది. పైన చెప్పిన పెళ్ళి వీడియో అలాంటిదే. టీవీ తప్పూ లేదు, డబ్బా తప్పూ లేదు.

ఎలా కనిపెట్టాలి?

వీడియోలకు లిబ్రెలెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు మెమొరీ కార్డులో వేసుకోండి. అందులో కోడి అనే ప్లేయరు ఉంటుంది. బ్రౌజరులో చూడడం కంటే ఇది మేలు. వీడియో నడుస్తుండగా కీబోర్డు మీద ఇంగ్లీషు 'ఓ' అక్షరం నొక్కండి. తెర మీద వివరాలు వస్తాయి. డీకోడర్ అన్నచోట పక్కన హెచ్.డబ్ల్యు. అనే అక్షరాలుంటే గ్రైండరు తిరుగుతున్నట్టే. లేకపోతే చేత్తో రుబ్బుతున్నట్టు.

చేత్తో రుబ్బడం వల్లే ఆగుతుంటే ఇంట్లో మామూలు కంప్యూటరులో హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు తెరిచి, వీడియో ఎంచుకుని, 'ఫాస్ట్ 1080పి30' అనే ఏర్పాటు పెట్టి మొదలుపెట్టండి. పెద్ద వీడియోకి గంటలు పట్టవచ్చు, రాత్రి వేసి పడుకోండి. ఒక్కమాట సుమా! కొత్తది తయారైంది కదా అని అసలు వీడియోను చెరిపెయ్యకండి. అలాంటి జ్ఞాపకాన్ని మళ్ళీ తీయలేం. రెండుచోట్ల దాచుకోండి.

ఈ చిట్కాలూ గుర్తుంచుకోండి

* పాత ఫోను చార్జరు పెట్టకండి. పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టరు కావాలి. తెర మూల పసుపు మెరుపు గుర్తు కనిపిస్తే కరెంటు చాలడం లేదని అర్థం.

* టీవీ వెనక మూసిన అరలో బిగించకండి. 80 డిగ్రీల వేడి చేరగానే తనంతట తనే నెమ్మదిస్తుంది.

* పై 4కి మామూలు హెచ్.డి.ఎం.ఐ. వైరు పట్టదు. ఒక కొస మైక్రో ఉన్నది అడిగి కొనండి.

* పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోవాలి. మార్చితే అందులో ఉన్నవన్నీ పోతాయి, ముందే వేరేచోట దాచండి.

* టీవీ సెట్టింగులలో హెచ్.డి.ఎం.ఐ. సి.ఇ.సి. పెడితే టీవీ రిమోటుతోనే కోడి నడుస్తుంది. పెద్దవాళ్ళకు ఎంతో సుఖం.

* చూడడం అయ్యాక మెనూలోంచి ఆపండి. ఉన్నపళంగా ప్లగ్గు లాగేస్తే మెమొరీ కార్డు చెడిపోవచ్చు.

ఇవన్నీ అబ్బాయే చెయ్యాలని ఎదురుచూడకండి. పిండి పులిసిందో లేదో చూసే మీకు ఇదో లెక్కా? ఆదివారం ఒక పూట కూర్చోండి. ఆ సాయంత్రం కన్యాదానం దగ్గర బొమ్మ ఆగకుండా, మామయ్యగారి మాట ఆయన పెదవులతో కలిసి వస్తే, అత్తయ్యగారు "ఇంకోసారి వెయ్యమ్మా" అంటారు.