లాప్లాండు పసిడి: పుట్టినరూపు నగలు

నగ యనగానే మన కన్ను మెరుగును వెదకును, చేయి తూకమును వెదకును. మెరుగులేని బంగారముతో, ఎవరును సొగసని తలపని బోడికొండలను జూచి నగలు కల్పించిన స్వర్ణకారు డొకడు ఫిన్లాండు దేశమున బయలుదేరెను. ఆతని పేరు బ్యోర్న్ వెక్‌స్ట్రోమ్. ఆతని పనిని గూర్చి మేము తెలిసికొన్న సంగతులను సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

ముందుగా ఆ సీమ యెట్టిదో చెప్పక తీరదు. ఫిన్లాండునకు ఉత్తరపు కొస లాప్లాండు. అందు చాల భాగము ధ్రువవృత్తమునకు పైన నున్నది. ఉత్స్యోకి యను చోట చలికాలమున ఇంచుమించు 50 దినములు సూర్యుడుదయింపడు. వేసవిని రెండు నెలలకు పైగా అస్తమింపడు. అట్టి తావున సంధ్య యెప్పుడు వార్చవలెనని మా యింటి పెద్దలు నవ్వుచు నడిగిరి. అచ్చటి కొండలను తుంతురు లందురు. వానికి మన తూర్పుకనుమలవలె అడవి కప్పు లేదు. నెత్తి గుండ్రము, బోడి. రాళ్లమీద బూడిదవన్నె పాచి, పసుపువన్నె పాచి పొరలు పొరలుగా నంటియుండును. కొండల నడుమ చిత్తడినేలలు. శరత్కాలమున మాత్రము కొలదిదినములు నేలబారు పొదలన్నియు నెఱ్ఱబడి నేల యంతయు కుంకుమ చల్లినట్లగును; దానికి వారు రుస్క యని ప్రత్యేకముగ నొక పేరే పెట్టుకొనిరి. అచ్చటి పూర్వవాసులు సామీ జనులు. వారి స్త్రీలు శాలువ జారకుండ రొమ్మున రిస్కు అను గుండ్రని వెండిబిళ్లను తగిలింతురు. అది తప్ప ఆ సీమను తలచిన నగ తలపునకు రాదు.

అట్టి నేలలో బంగారమున్నది. 1868లో ప్రభుత్వము పంపిన యొక బృందము ఇవలో నది యిసుకలో దానిని కనుగొనెను. 1870 మొదలు ప్రజలకు త్రవ్వుకొన ననుమతి యీయబడగా మరుసటి యేటికే వందలకొలది జనులు పలుగుపారలతో బయలుదేరి పోయిరి. మంచుయుగమున ఉత్తర ఐరోపా నేలను మంచుపలకలు చెక్కి యీడ్చుకొనిపోయినవి. లాప్లాండు నడిమిభాగము మాత్రము ఆ మంచు రెండుదిక్కులకు విడిపోవు తావు గనుక అంతగా చెక్కుడుపడలేదు. అందుచే పూర్వమెన్నడో చివికిన రాయియు, అందలి పసిడియు వాగులలో నిలిచిపోయినవి. 1935లో దొరికిన పెద్దపలుకు ఇంచుమించు 390 గ్రాములు, అనగా మన తులములలో 33కు పైచిలుకు. సాధారణముగ దొరకునవి మాత్రము బియ్యపుగింజంతవి, పెసరగింజంతవి. అవి గుంటలు పడి, అంచులు నలిగి, నీటిలో దొర్లిన గుర్తులతో నుండును.

చిన్ననాడు అమరకోశము వల్లించిన వారికి బంగారమునకుగల పేళ్లలో జాంబూనదము, జాతరూపము జ్ఞాపకముండును. జాంబూనద మనగా జంబూనదిలో పుట్టినది. జాతరూప మన్నమాట కర్థము చెప్పుచు మా తండ్రిగారు ‘పుట్టిన రూపముతోనే యొప్పునది’ యనిరి. బంగారమును పుట్టినరూపున మనలో నెవరు చూచిరి? మనకది కడ్డీగనో, కాసుగనో వచ్చును.

వెక్‌స్ట్రోమ్ చూచినది ఆ పుట్టినరూపునే. ఆతడు 1935లో హెల్సింకిలో జన్మించి, అచ్చటి స్వర్ణకారుల పాఠశాలలో 1956 వరకు పని నేర్చెను. ఆనాడు ఆ ఉత్తరదేశముల యభిరుచి వేరు. నునుపైన వెండి, చక్కని గీత, అద్దమువంటి మెరుగు; ఇవియే నాగరకత. పెక్కా అంటిలా 1960లో నెలకొల్పిన సంస్థలో, తరువాత లాప్పోనియా యని పేరొందిన దానిలో, వెక్‌స్ట్రోమ్ 1963లో చేరి, ఆ నునుపును విడిచిపెట్టెను. పసిడిపలుకు మీది గుంటలను, ముడుతలను, కరగి గడ్డకట్టినట్లున్న అంచులను అతడు నగకు మాదిరిగా గైకొనెను.

చేయు విధానము మనకు క్రొత్తది కాదు. మొదట మైనముతో రూపు దిద్ది, పైని అచ్చుమన్ను కట్టి, మైనమును కరగించి తీసి, ఆ ఖాళీలో కరగిన లోహము పోయుదురు. మన శిల్పశాస్త్రమైన మానసారమున దీనికే మధూచ్ఛిష్టవిధాన మని యొక యధ్యాయము కలదు. భేదమంతయు పోత తీసిన పిమ్మట నున్నది. మన కంసాలి ఆకురాయితో రాచి, మెరుగు పెట్టి, మైనముమీద పడిన వ్రేలిగుర్తును సైతము మాపివేయును. వెక్‌స్ట్రోమ్ ఆ గరుకును నిలిపెను. వెలుగు దానిపై పడి తళుక్కుమనదు. పాచి పట్టిన బండమీది యెండవలె మెల్లగ పరచుకొనును. ‘పుష్పించిన గోడ’ యని పేరిడి, బంగారమున తుర్మలీరాళ్లను పొదిగి అతడు చేసిన కంఠాభరణమునకు 1965లో రియో డి జనీరో నగరమున జరిగిన అంతర్జాతీయ పోటీలో అగ్రబహుమానము వచ్చెను.

ఇదంతయు విని, ‘మెరుగులేని నగ కెవతె డబ్బిచ్చును?’ అని అడుగు తల్లులుందురు. ఆ ప్రశ్నను మేము చులకన చేయము. మన స్త్రీలకు నగ సింగారము మాత్రమే కాదు, స్త్రీధనము. పైరు పోయిన యేట, పిల్లవాని చదువునకు, రోగము వచ్చినపుడు ఆదుకొనునది అదియే. తాకట్టువాడు సొగసును తూచడు. కాని తూకమునే చూచుట వలన మనము పోగొట్టుకొనుచున్న దొకటి కలదు. మామిడిపిందెల హారము, మొగలిరేకు, సంపెంగమొగ్గల పేరు: వీనిని మొదట కల్పించినవాడు తన పెరటిచెట్టును తేరిపార చూచినవాడే. నేడు ఆ హారమును కూతురి పెండ్లికి కరగించి, అంగడివాని పటముల పుస్తకములోని మాదిరి చేయించుచున్నాము. తరుగు పోవును, మజూరి మరల నిత్తుము, పిందె పోవును. బంగారము తిరిగివచ్చును గాని అవ్వ మెడలోని పిందెను చెక్కిన చేయి తిరిగిరాదు. కరగింపక తప్పని యిక్కట్టు వేరు. విసుగుపుట్టి కరగించుట వేరు. ఈ రెండవదానిని మాత్రము మేమొప్పము.

వెక్‌స్ట్రోమ్ తరువాత చేసిన పని తూకమునకు మరింత దూరము. 1969 మొదలు అతడు వెండితో ఆకాశగోళములను తలపించు నగలు చేసెను. చంద్రునిపై మనుష్యుడు కాలిడిన సంవత్సరమది. ఆ వరుసలోని ‘గ్రహశకలముల లోయలు’ అను హారము 1977లో వచ్చిన స్టార్ వార్స్ చలనచిత్రమున రాజకుమారి లేయా కంఠమున కనబడును. ఇతర లోకపు రాజకన్యకు నగ కావలసివచ్చినపుడు హెల్సింకి స్వర్ణకారుని పని సరిపోయెను! అంతటితో ఆగక అతడు వెండిలో ఆక్రిలిక్‌ను చేర్చెను. అది గాజువలె పారదర్శకమై, గాజులో సగమే బరువుండి, వేడికి మెత్తబడు కృత్రిమపదార్థము. తాకట్టున దమ్మిడీ చేయదు. 1971 నాటి ‘శిలయైన సరస్సు’ అను ఉంగరములో ఆ ముక్క గడ్డకట్టిన నీటివలె నుండును. రత్నము పొదుగవలసినచోట అగ్గువ పదార్థమును పొదుగుట మాకు మొదట మోసమువలె తోచినది. కాని దానిని రత్నమని యెవరు నమ్మింపలేదు. నీరువలె నుండవలసినచోట నీరువలె నున్నది. కెంపని చెప్పి రంగురాయి నంటగట్టుట మోసము గాని యిది కాదు.

లాప్లాండులో పసిడి వెదకువారు నేటికిని కలరు. లెమ్మెన్‌యోకి జాతీయవనమున యంత్రములతో త్రవ్వుట 2020లో నిలిచిపోయినది. నేడు అక్కడ పారతో త్రవ్వి, వాగునీట పళ్లెము త్రిప్పి, యిసుకను మెల్లగ జారవిడుతురు. బంగారము బరువైనది గనుక అడుగున మిగులును.