ఊడ్చుకుంటూ పోయే కన్ను

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో షట్టర్లన్నీ దించే ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు పేరుస్తారు. అక్కడ ఎంట్రన్స్ గైడ్ల దొంతర కింద నాకో పాత భూగోళశాస్త్రం పుస్తకం దొరికింది. దాని మధ్యలో హైదరాబాదు ఉపగ్రహ చిత్రం నాలుగు మడతలు పెట్టి ఉంది. హుస్సేన్‌సాగర్ నల్లగా, నగరం బూడిద కలిసిన నీలంగా ఉన్నాయి. ఆ బూడిద మధ్యలో అక్కడక్కడ కుంకుమ చిందినట్టు ఎర్రటి మచ్చలు. నాంపల్లి దగ్గర కాస్త పెద్ద మచ్చ ఒకటి కనిపించింది. అది పబ్లిక్ గార్డెన్స్.

మర్నాడు దాన్ని క్లాసులో బోర్డుకు అంటించాను. "పబ్లిక్ గార్డెన్‌ల చెట్లు ఎర్రగున్నయేంది సార్?" అని వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది. ఇది ఎవరైనా అడిగే ప్రశ్నే, జవాబు కూడా చాలామందికి తెలుసు. ఆకు ఎర్రటి వెలుగును మింగి తిండి వండుకుంటుంది, ఆకుపచ్చను కొంత వదిలేస్తుంది. ఎరుపుకు అవతల మన కంటికి అందని పరారుణ కాంతి ఉంటుంది. ఆకు లోపల కణాలు వదులుగా, మధ్యలో గాలి సందులతో ఉంటాయి కాబట్టి ఈ కాంతి ఆ సందుల్లో పడి దాదాపు సగం బయటికి తిరిగొస్తుంది. ఆకుపచ్చ రంగులో తిరిగొచ్చేదానికంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే పరారుణం చూడగలిగే కంటికి చెట్టు దీపంలా వెలుగుతుంది. కనపడనిదాన్ని కాగితం మీద కనపడేలా అచ్చు వేయాలంటే దానికో రంగు అప్పగించాలి. అప్పగించింది ఎరుపు. చెట్టుకు జబ్బు చేస్తే ఈ వెలుగు తగ్గుతుంది. 1970లో శాస్త్రవేత్త పి.ఆర్. పిషరోటి కేరళలో హెలికాప్టర్ నుంచి కొబ్బరితోటలను పరారుణ ఫిల్మ్ మీద ఫొటోలు తీయించింది వేరుతెగులు సోకిన చెట్లను పైనుంచి పట్టుకోవడానికే. మన దేశంలో రిమోట్ సెన్సింగ్, అంటే దూరం నుంచి నేలను చదివే విద్య, కథ ఆ కొబ్బరితోటల్లో మొదలైంది.

ఆ అమ్మాయే రెండో ప్రశ్న వేసింది. "మరి అంత పైనుంచి, అంత ఉరుకుతున్నప్పుడు, ఫొటో అలుక్కుపోదా సార్?" నన్ను పట్టుకుని వదలని ప్రశ్న ఇదే.

సుమారు తొమ్మిది వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం కింద నేల సెకనుకు ఆరున్నర కిలోమీటర్ల చొప్పున జారిపోతుంటుంది. నాంపల్లి స్టేషన్ నుంచి ట్యాంక్‌బండ్ దాకా దానికి ఒక్క క్షణం పని. ఈ పరుగు మీద చిత్రం తీయడానికి 1972లో ఎగిరిన అమెరికా మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహంలో రెండు పరికరాలు పెట్టారు. అసలు పెళ్లికొడుకు టీవీ కెమెరాల జట్టు. రెండోదాన్ని, అద్దం ఊపే స్కానర్‌ను, ప్రయోగం కోసమని పక్కన కూర్చోబెట్టారు. దాన్ని రూపొందించినావిడ హ్యూస్ సంస్థ ఇంజనీరు వర్జీనియా నార్వుడ్. ఊగే అద్దంతో నమ్మకమైన పటం వస్తుందా అని పటాలు గీసేవాళ్ళు పెదవి విరిచారు. ఆమె బృందం నమూనా యంత్రాన్ని ట్రక్కు మీద తీసుకెళ్ళి, యోసెమిటీలోని హాఫ్ డోమ్ కొండను స్కాన్ చేసి చూపించింది. కక్ష్యలోకి వెళ్ళాక టీవీ కెమెరాలు కొద్దిరోజులకే విద్యుత్ లోపంతో మూగబోయాయి. పక్కన కూర్చోబెట్టిన అద్దమే ప్రపంచానికి చూపు ఇచ్చింది.

ఆ అద్దం పని చూడండి. సెకనుకు పదమూడున్నర సార్లకు పైగా అడ్డంగా ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ 185 కిలోమీటర్ల వెడల్పున ఆరు గీతలు ఒకేసారి గీస్తుంది. ఒక్కో గీత మందం నేల మీద 79 మీటర్లు. ఆరు గీతలను 79తో, దాన్ని 13.6తో హెచ్చవేయండి, సెకనుకు ఆరున్నర కిలోమీటర్లు వస్తుంది. ఉపగ్రహం ముందుకు జరిగినంతే అద్దం పూర్తిచేస్తుందన్నమాట. ఈ లెక్క బోర్డు మీద సరిపోయినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అయితే ఒక కష్టముంది. అంత వేగంగా ఊగే అద్దం నేల మీది ఒక్కో గడి వైపు చూసేది సెకనులో లక్షోవంతు. ఆ కాస్తలో ఎన్ని కాంతికణాలు వస్తాయి? వచ్చినవాటినే పెంచి పెంచి చదువుకోవాలి.

ఆ చదువు హైదరాబాదులోనూ సాగింది. ఇక్కడ 1974లో ఏర్పడిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 1979లో షాద్‌నగర్ దగ్గర పళ్ళెంలాంటి యాంటెన్నా పెట్టి ల్యాండ్‌శాట్ సంకేతాలు పట్టుకోవడం మొదలుపెట్టింది. 1972-75 నాటి చిత్రాలనూ 1980-82 నాటి చిత్రాలనూ పక్కపక్కన పెట్టి, ఇక్కడి నిపుణులు కళ్ళతో చూసి, చేత్తో గీసి దేశంలోని అడవి లెక్క తీశారు. 16.89 శాతం ఉన్న అడవి 14.10 శాతానికి పడిపోయిందని తేలింది. అటవీ శాఖ రికార్డుల్లో మాత్రం అడవి అప్పటికీ దేశంలో ఐదోవంతుకు పైనే! గట్టి వాదనలు జరిగాయి. 1987లో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా కూడా ఉపగ్రహ చిత్రాలతోనే తన మొదటి నివేదిక ఇచ్చి, అంకె పందొమ్మిదిన్నర శాతం దగ్గరని చెప్పింది. చివరికి రెండు సంస్థలూ కూర్చుని లెక్కలు సరిచూసుకున్నాయి. అంకె ఎవరిదైనా, అడవిని కాగితాల్లో కాక ఆకాశం నుంచి కొలవాలన్న మాట అప్పుడు ఖాయమైంది. రెండేళ్ళకోసారి ఆ లెక్క తీయడం ఇవాళ్టికీ ఆగలేదు. నా దృష్టిలో ఈ నగరం దేశానికి చేసిన పెద్ద మేళ్ళలో ఇదొకటి.

సొంత ఉపగ్రహం కట్టుకునే వేళకు మనవాళ్ళు అద్దాన్ని పక్కన పెట్టేశారు. అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో జార్జ్ జోసెఫ్ నాయకత్వంలో తయారైన లిస్ కెమెరాలో ఊగేది, తిరిగేది ఏదీ లేదు. ఒక్కో రంగుకు ఒక కటకం, దాని వెనక ఒకే వరుసలో 2048 బుల్లి కాంతి గ్రాహకాలు పేర్చిన సీసీడీ పట్టీ, అంతే. ఒక్కో గ్రాహకం నేల మీద 72.5 మీటర్ల గడిని చూస్తుంది. మొత్తం కలిపితే 148 కిలోమీటర్ల వెడల్పున్న ఒక్క గీత. మరి పటం ఎలా వస్తుంది? ఉపగ్రహమే ముందుకు పోతోంది కదా! గీత వెనక గీత అదే పేర్చుకుంటూ పోతుంది. తెల్లవారుజామున అబిడ్స్ చౌరస్తాలో పొడుగు కర్రకు కట్టిన వెడల్పాటి చీపురును నేలకు ఆనించి, అటూ ఇటూ విసరకుండా తిన్నగా నెట్టుకుంటూ పోయే మనిషిని చూసే ఉంటారు. ఇదీ అదే పద్ధతి. ఇంగ్లీషులో దీని పేరు కూడా పుష్‌బ్రూమ్.

అద్దం లేకపోతే లాభమేమిటి? వెలుగుకు తీరిక దొరుకుతుంది. అద్దం ఒక్కటే వేల గడులను వంతులవారీగా చూసుకోవాలి. చీపురులో ప్రతి గడికీ సొంత పుల్ల ఉంది. ఉపగ్రహం 72.5 మీటర్లు జరిగేదాకా, అంటే సెకనులో వెయ్యోవంతులు పదకొండుకు పైగా, ఆ గ్రాహకం అదే గడిని చూస్తూ కూర్చుంటుంది. అద్దం ఇచ్చిన సమయానికి ఇది దాదాపు వెయ్యి రెట్లు. అరిగిపోయే భాగాలు లేవు, బరువు తక్కువ. ఫ్రెంచివారి స్పాట్ ఉపగ్రహం 1986లో ఈ పద్ధతితో ముందుగా ఎగిరింది. 1988 మార్చి 17న బైకనూర్ నుంచి సోవియట్ రాకెట్ మీద, లిస్ కెమెరాతో, మన ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహం వెళ్ళింది. దాని నిర్మాణానికి సారథి ఇస్రో శాస్త్రవేత్త కస్తూరిరంగన్.

చీపురుకూ తన లోపాలున్నాయి. 2048 పుల్లల్లో ఏ ఒక్కటి కాస్త మందకొడిగా ఉన్నా, పటం పొడవునా ఒక నిలువు చార మిగిలిపోతుంది. అద్దం స్కానర్‌కు చారలు అడ్డంగా వచ్చేవి, ప్రతి ఆరో గీతకూ ఒకటి. చారల దిశ చూసి ఆ బొమ్మ ఏ యంత్రం తీసిందో చెప్పేయవచ్చు.

ఇదంతా మీ వీధిలోని జిరాక్స్ షాపులో కూడా ఉంది. నాంపల్లి కోర్టుల చుట్టుపక్కల దస్తావేజులు స్కాన్ చేసే బల్ల యంత్రం ఇదే చీపురు. పాడైపోయిన ఒకదాన్ని కొని విప్పాను. దీపం, చిన్న అద్దాలు, కటకం, దాని వెనక పుల్లంత సీసీడీ, అన్నిటినీ మోసుకుపోయే బెల్టు. ఉపగ్రహంలో బెల్టు పని కక్ష్య చేస్తుంది. మంచి స్కానర్‌లో కాగితం పెట్టి, అది నడుస్తుండగా మెల్లగా వంకరగా లాగండి. అక్షరాలు పాముల్లా మెలి తిరుగుతాయి. ఉపగ్రహం కాస్త ఊగినా హైదరాబాదు అలాగే మెలి తిరుగుతుంది. అందుకే దాని నిలకడకు అంత శ్రమ.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 1995లో ఐఆర్ఎస్-1సి 5.8 మీటర్ల దాకా చూసింది, కొన్నేళ్ళ పాటు పౌర ఉపగ్రహాల్లో అంత నిశితంగా చూసినది మరొకటి లేదు. బాలానగర్‌లోని ఆ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 2008లో ఇస్రో కేంద్రంగా మారింది, మరుసటేడు ఉపగ్రహ చిత్రాలు చూపే వెబ్‌సైట్ భువన్ వచ్చింది. వరద పటాలు, అడవి మంటల హెచ్చరికలు అక్కడినుంచే వెళ్తాయి.

మా క్లాసు మాత్రం ఇంకా చీపురు దగ్గరే ఉంది. ప్రశ్న వేసిన అమ్మాయి చిన్న ప్రోగ్రాం రాసింది. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీసి, ఒక్కో ఫ్రేములో నడిమి నిలువు గీతను మాత్రం ఉంచుకుని మిగతాది పారేయాలి, ఆ గీతలను పక్కపక్కన అతికించాలి. ఫోన్ కదలదు, ఎదురుగా ఉన్నదే కదలాలి. నాంపల్లి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కదలబోతున్న రైలుకు గురిపెట్టి నిలబడ్డాం. నాంపల్లి చివరి స్టేషన్ కాబట్టి ప్రతి రైలూ నిలబడ్డ చోటినుంచి మెల్లగా వేగం అందుకుంటుంది. రైలు తన బొమ్మ తానే గీసుకుంది. మొదటి పెట్టె రబ్బరులా సాగిపోయింది, దాని మీది అంకెలు బారెడు పొడవయ్యాయి. వెనకాల కదలని స్తంభం వట్టి చారగా మిగిలింది. చివరి పెట్టెలు అట్టల్లా నలిగాయి. మూడో పెట్టె మీద మాత్రం అంకెలు చక్కగా, చదువుకునేలా వచ్చాయి. "ఇక్కడ గీతా, రైలూ జత కలిసినయ్ సార్" అంది ఆ అమ్మాయి, తెర మీద వేలు పెట్టి.